వాన పడితే ఎవరు తడుస్తారు? పాత దర్జా కార్ల మడత టాపులను గుర్తుపట్టే పద్ధతి

పాత కారు ముందు నిలబడినవాళ్ల చూపు మొదట రేడియేటర్ మూత మీది బొమ్మ మీదికి పోతుంది. బొమ్మను చూసి రోల్స్‌రాయిస్ అనో, ప్యాకార్డ్ అనో అంటారు, పక్కన నిలబడి ఫోటో దిగుతారు, వెళ్లిపోతారు. అది ఇంటిపేరు మాత్రమే. అసలు పేరు తెలియాలంటే టాపు చూడాలి.

నాది విశాఖపట్నం వన్‌టౌన్. కురుపాం మార్కెట్ దగ్గర ఒక సందులో మా నాన్న రిక్షా టాపులు కుట్టేవారు. ఆ మెషిను మీదే నేను జీపు టాపులు, అంబాసిడర్ సీట్లు కుట్టాను. చుట్టుపక్కల పాత జమీందారీ ఇళ్ల షెడ్లలో మిగిలిన కార్లకు కూడా అడపాదడపా టాపులు వేశాను. ఇప్పుడు చూపు ఆనక పని మా మేనల్లుడికి అప్పగించాను. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు వాడికి చెప్పే సంగతులన్నీ ఒకచోట రాసిపెట్టమన్నాడు. టాపు కుట్టేవాళ్లకే కాదు, బీచ్ రోడ్డులో పాత కార్లను వరసగా నిలబెట్టిన రోజున పిల్లలను వెంటబెట్టుకుని చూడబోయేవాళ్లకు కూడా ఇవి పనికొస్తాయి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. 1987లో ఒక పెద్ద ఇంటి నుంచి కబురు వచ్చింది. వెళ్లి చూస్తే 1937 నాటి రోల్స్‌రాయిస్ 25/30 మోడల్, రెండు తలుపుల బండి. టాపు పేలికలై వేలాడుతోంది. పాత గుడ్డ పీకేసి, కొత్త గుడ్డను ముందు అద్దం చట్రం నుంచి వెనక దాకా సాగదీసి, తలుపుల పైనుండే పక్క పట్టాలకు వరసగా మేకులు కొట్టేశాను. లోపలి లైనింగు కూడా ఒకటే ముక్క. ఎంత బిగువుగా వచ్చిందంటే వేలితో మీటితే డప్పులా మోగింది. పని అయ్యాక రెండు తోలు పట్టీలు, నాలుగు ఇత్తడి బొత్తాలు మిగిలాయి. అవి ఎక్కడివో అర్థం కాలేదు. ఎవరో ఎప్పుడో తగిలించినవి కాబోలు అనుకుని ఖాళీ బిస్కెట్ డబ్బాలో పడేశాను. మూడు రకాలుగా నిలబడవలసిన టాపును నేను రెండు రకాలకు కుదించేశానని తెలియడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

ఆ డబ్బా సంగతికి మళ్లీ వస్తాను.

బంగారం ఒకరిది, నగ ఒకరిది

ఇప్పుడు కారును కంపెనీయే మొత్తంగా తయారుచేసి అమ్ముతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఖరీదైన కారు కొనడమంటే, బంగారం కొనుక్కుని కంసాలి దగ్గరికి వెళ్లడం లాంటిది. రోల్స్‌రాయిస్ వాళ్లు ఇంజను, ఛాసిస్ అనే అడుగు చట్రం, చక్రాలు, రేడియేటర్ ఇచ్చేవారు. దాని మీద బాడీ కట్టేది వేరే వాళ్లు. లండన్‌లో బార్కర్, హూపర్, గర్నీ నటింగ్. పారిస్‌లో సావుచిక్, షాప్రోన్. బెర్లిన్‌లో ఎర్డ్‌మన్ రోసీ. అమెరికాలో లెబారన్, మర్ఫీ. బార్కర్, హూపర్ లాంటివాళ్లు మోటారు కారు పుట్టకముందు గుర్రబ్బండ్లు కట్టినవాళ్లే. రోల్స్‌రాయిస్ పేరుతో ఫ్యాక్టరీ బాడీ సహా వచ్చిన మొదటి కారు 1949 నాటి సిల్వర్ డాన్. అంతకుముందువన్నీ ఆర్డరు మీద చేయించుకున్న నగలే. అందుకే ఒకే ఛాసిస్ మీద పది కార్లకు పది రకాల టాపులు కనిపిస్తాయి.

పేర్లు కూడా గుర్రబ్బండ్ల నుంచి వచ్చినవే. ఫేటన్ అనేది గ్రీకు పురాణంలో సూర్యుడి కొడుకు పేరు. తండ్రి రథం తోలబోయి పగ్గాలు వదిలేసి లోకాన్ని కాల్చినంత పని చేశాడు. మన సూర్యుడికి అనూరుడు దొరికాడు కాబట్టి బతికిపోయాం. విక్టోరియా అంటే మా వన్‌టౌన్‌లో విగ్రహమై నిలబడ్డ ఆ రాణి పేరే. కాబ్రియొలే అనే ఫ్రెంచి మాట గంతు వేయడం నుంచి పుట్టింది, ఆ తేలికపాటి రెండు చక్రాల బండి మేకపిల్లలా ఎగిరెగిరి పడేదట. లాండొ జర్మనీలో ఒక ఊరు.

ఈ పేర్లు బట్టీ పట్టనక్కర లేదు. మా నాన్న రిక్షా టాపు కుడుతూ ఒక మాట అనేవారు: 'లాగేవాడు తడుస్తాడు, ఎక్కినవాడు తడవడు. టాపు అంటే అంతే.' పాత కారు దగ్గర అదే ప్రశ్న వేయండి. వాన పడితే ఎవరు తడుస్తారు? దానికి వచ్చే సమాధానమే చాలాసార్లు ఆ బాడీ పేరు.

మొదట తలుపు అంచు తడమండి

యజమాని ఒప్పుకుంటేనే సుమా. తలుపు పై అంచు మీద వేలు పెట్టి జరపండి. అద్దం పైకి లేవడానికి సన్నని చీలిక ఉందా? చీలిక లేకపోతే ఆ కారుకు పక్క అద్దాలు లేవు. వానాకాలంలో మైకా కిటికీలు కుట్టిన గుడ్డ తెరలను కడ్డీలతో తలుపుకు గుచ్చుతారు, మిగతా రోజుల్లో అవి సీటు కిందో వెనకో పడి ఉంటాయి. అలాంటి బండిలో టాపు వేసినా జల్లు కొడుతుంది, అందరూ తడుస్తారు. రెండు సీట్లుంటే రోడ్‌స్టర్. నాలుగైదు సీట్లుంటే ఇంగ్లండ్ వాళ్ల మాటలో టూరర్, అమెరికా వాళ్ల మాటలో ఫేటన్.

రోడ్‌స్టర్ వెనక మూత ఎత్తితే కొన్నిటిలో ఇంకో సీటు బయటపడుతుంది. అది డిక్కీ సీటు. మనం సామాన్ల అరను డిక్కీ అంటున్నామే, ఆ మాట ఇక్కడిదే. టాపు నీడ దాని దాకా రాదు. వాన పడితే లోపలివాళ్ల సంగతి ఎలా ఉన్నా డిక్కీలో వాళ్లు నిలువునా తడవాలి.

ఫేటన్లలో అరుదైనది రెండు కౌల్‌ల ఫేటన్. ముందు సీటు వెనక, వెనకవాళ్ల మోకాళ్ల ముందు ఇంకో రేకు వంపు, దాని మీద రెండో గాలి అద్దం. అది బరువైన పని, ఖర్చైన పని. డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె మీద లెబారన్ కట్టినవి, ప్యాకార్డ్ మీద కట్టినవి ఈ రకానికి పేరుపడ్డాయి. వెనక కూర్చున్న పెద్దమనిషి ముఖానికి గాలి కొట్టకూడదని ఇంత తతంగం. వాన సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

తలుపు అంచులో చీలిక ఉండి, అద్దం తిప్పితే పైకి లేస్తే, మీరు వేరే కులం కారు ముందు నిలబడ్డారన్నమాట. ఇప్పుడు తల లోపలికి పెట్టి టాపు కిందివైపు చూడండి. చెక్క బద్దలు, ఇనుప కీళ్లు గొడుగు లోపలిలా బయటికి కనిపిస్తున్నాయా, లేక వాటిని కప్పేస్తూ మెత్తని లైనింగు ఉందా? లైనింగు ఉండి, పై గుడ్డకూ దానికీ మధ్య గుర్రపు వెంట్రుకలో దూదో పరిచి ఉంటే, అది టాపు వేసినప్పుడు గదిలా, తీసినప్పుడు అరుగులా ఉండాలని కోరుకున్నవారి కారు. రెండు తలుపులుంటే ఇంగ్లండ్ వాళ్లు డ్రాప్‌హెడ్ కూపే అంటారు, యూరప్‌లో కాబ్రియొలే. వెనకవైపు పక్కల కిటికీ లేకుండా టాపు గుడ్డ నిండుగా దిగి, సీట్లు దగ్గర దగ్గరగా ఉంటే అమెరికా వాళ్లకు అది కన్వర్టిబుల్ విక్టోరియా. ఇందులో ఎవరూ తడవరు. పెళ్లికూతురి మేలిముసుగులా ఆ గుడ్డ వెనకసీటును దాచేస్తుంది. నాకు ఇష్టమైన రకం ఇదే. కుట్టడం మాత్రం ప్రాణాంతకం. మూలలు వంపు తిరిగినచోట మడత పడకుండా గుడ్డను ఒప్పించాలి.

జర్మన్లకు ఇంత కవిత్వం లేదు, అక్షరాలు పెట్టి ఊరుకున్నారు. 1930లలోని మెర్సిడెస్ 500కె, 540కె కార్లలో కాబ్రియొలే ఎ అంటే ఒకే వరస సీట్లు. బి అంటే నాలుగు సీట్లు, వెనక చిన్న పక్క కిటికీ. సి అంటే నాలుగు సీట్లే, ఆ కిటికీ ఉండదు. డి అంటే నాలుగు తలుపులు. ఎఫ్ మరీ పెద్దది, రాజ్యాధినేతల ఊరేగింపులకు. కిటికీ ఒక్కటి లెక్కపెడితే బి, సి తేడా తేలిపోతుంది.

నాలుగు తలుపులు, పైకి లేచే అద్దాలు, మడిచే టాపు, ఈ మూడూ ఒకే బండిలో ఉంటే దాని దగ్గర కాసేపు ఆగండి. ఇంగ్లండ్‌లో ఆల్‌వెదర్ అంటారు, అమెరికాలో కన్వర్టిబుల్ సెడాన్. నాలుగు తలుపుల మధ్య స్తంభం ఉండాలి, టాపు మడిస్తే ఆ స్తంభం కనిపించకూడదు. కాబట్టి స్తంభాన్ని ఊడదీసే ఏర్పాటో, మడిచే ఏర్పాటో ఉంటుంది. రెండు తలుపులూ తెరిచి గడప మీద చూడండి, స్తంభం దిగే గుంట కనిపిస్తుంది. ఊడే స్తంభాలను ఎక్కడో పెట్టి మరిచిపోవడం మన ఇళ్లలో మామూలే. ఒక ఇంట్లో ఆ స్తంభాన్ని తలుపు గడియకు అడ్డకర్రగా వాడుతున్నారు. బాడీ చట్రాలకు వాడే యాష్ అనే చెట్టు కర్ర, నిగనిగలాడుతోంది, రెండు చివరలా ఇత్తడి పొన్ను. చూడగానే గుర్తుపట్టాను.

డ్రైవరు ఒక్కడే తడిసేవి

ఇక్కడికి వచ్చేసరికి మా నాన్న రిక్షా సూత్రం అచ్చంగా పనిచేస్తుంది. సెడాంకా డి విల్ అనే రకంలో వెనకవాళ్లకు గట్టి పైకప్పు, పక్క అద్దాలు, మధ్యలో గాజు తెర. డ్రైవరు తల మీద ఆకాశం. అమెరికాలో దీన్ని టౌన్ కార్ అంటారు. గుర్రబ్బండిని తోలేవాడు బయటే కూర్చోవాలన్న అలవాటు మోటారు వచ్చాక కూడా పోలేదు. వానలో డ్రైవరు కోసం ఒక చిన్న పైకప్పు ముక్క ఉంటుంది. చాలా కార్లలో అది జారి వెనక కప్పులోకి దూరిపోతుంది, కొన్నిటిలో చుట్టి పెట్టే గుడ్డ. గుర్తుపట్టాలంటే వెనక కప్పు ముందంచున సన్నని సందు కోసం వెతకండి. ముందు అద్దం చట్రం పైన కొక్కేల గుంటలూ ఉంటాయి. ఇవి రెండూ ఉండి పైన ఏమీ లేకపోతే ఆ కారు తన టోపీ పోగొట్టుకుందన్నమాట.

లాండొలే దీనికి తలకిందులు. ముందు భాగానికి గట్టి కప్పు, అన్నిటికంటే వెనక సీటు మీద మాత్రం మడిచే గుడ్డ. లోపలి పెద్దమనిషి జనానికి కనిపించాలనుకున్నప్పుడు టాపు దించుతారు. వాన పడితే యజమాని తడుస్తాడు, డ్రైవరు తడవడు. గద్దె మీద కూర్చున్నవాళ్లకు తప్ప ఇంకెవరికి కావాలి ఇది అనుకుంటాం గానీ, యుద్ధానికి ముందు లండన్ టాక్సీలు కూడా చాలావరకు లాండొలేలే. మెర్సిడెస్ 600 లాండొలే 1981 దాకా తయారైంది, మొత్తం మీద 59 బండ్లు.

హైదరాబాద్ వెళ్లినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూడండి. బార్కర్ వాళ్లు కట్టిన బాడీ. ఆరో నిజాం ఆర్డరిచ్చింది. వెనక సింహాసనం లాంటి ఎత్తైన సీటు. దాన్ని ఏ రకంలోనూ పూర్తిగా ఇమడ్చలేం. ఒక మనిషి ఎత్తులో కూర్చోవడమే అక్కడ ఉద్దేశం.

ఇక మూడు నిలుపుల డ్రాప్‌హెడ్, నన్ను మోసం చేసిన రకం. టాపు పూర్తిగా వేస్తే మామూలు కూపే, అంటే రెండు తలుపుల మూసిన కారు. పూర్తిగా మడిస్తే తెరిచిన బండి. మూడోది మధ్య నిలుపు: ముందు సీటు మీది గుడ్డను మాత్రం వెనక్కి చుట్టి, తోలు పట్టీలతో కట్టేస్తారు. తలుపుల మీది పక్క పట్టాలు మధ్యలో విరిగి లోపలికి మడుచుకుంటాయి. అప్పుడు ముందువాళ్లకు ఆకాశం, వెనకవాళ్లకు కప్పు. గుర్తులు మూడు. పక్క పట్టాకు సగంలో కీలు. ముందు భాగం గుడ్డ మేకులతో కాకుండా బొత్తాలతో తగిలి ఉండడం. రెండో బద్ద దగ్గర పట్టీలు కట్టే కొక్కేలు. పట్టా మధ్యలో కీలు నేనూ చూశాను. అయితే టాపు మడవడానికే అనుకున్నాను. టాపు మడవడానికి అక్కడ కీలు అవసరం లేదన్నది తట్టలేదు.

రేకు టాపులు, పడవ తోకలు

మడిచే టాపంటే గుడ్డే ఉండాలని లేదు. ఫ్రాన్స్‌లో జార్జ్ పోలాఁ అనే ఆయన, వృత్తికి పళ్ల డాక్టరు, రేకు పైకప్పు మొత్తం జారి వెనక పెట్టెలోకి వెళ్లిపోయే పద్ధతికి 1931లో పేటెంటు తీసుకున్నారు. ప్యూజో 1934 నుంచి ఎక్లిప్స్ అనే పేరుతో ఆ కార్లు అమ్మింది. యుద్ధంలో ఆయన నాజీలకు వ్యతిరేకంగా పనిచేసి పట్టుబడ్డారు, 1942లో కాల్చి చంపారు. ఎక్లిప్స్ కారు వెనక పెట్టె మూత ఎప్పుడూ వెనక అంచున కీలు పెట్టి, ముందు నుంచి తెరుచుకుంటుంది, కప్పు లోపలికి దిగాలి కదా. మూత తెరుచుకునే దిక్కు ఒక్కటి చూస్తే చాలు.

పడవ తోక బాడీలు మా ఊరివాళ్లకు వెంటనే నచ్చుతాయి. వెనక భాగం నాటు పడవ ముక్కులా కూసుగా ముగుస్తుంది, కొన్నిటికి పైన చెక్క పలకలే. 1912లో లాబూర్దెత్ అనే ఫ్రెంచి బాడీ కంపెనీ పానార్ ఛాసిస్ మీద కట్టిన స్కిఫ్ దీనికి మూలం. తలుపులు కూడా ఉండవు, పడవలోకి దూకినట్టు దూకాలి. ఇలాంటి బాడీ చెక్కలను ఒకసారి మా షాపులో చూసిన కార్పెంటరు, 'దీనికి కారు మేస్త్రి ఎందుకండీ, ఫిషింగ్ హార్బర్‌లో పడవలు కట్టేవాణ్ని పిలవండి' అన్నాడు. సరైన మాటే. పలకల అతుకుల్లో నీరు నిలవకుండా చూడడం ఆ పని.

కోసిన బండిని పట్టుకోవడం

తెరిచిన బండికి ధర ఎక్కువ. అందుకని ఒకప్పటి గట్టి పైకప్పు సెలూన్లను కోసి టూరర్లుగా మార్చడం లోకమంతటా జరిగింది, మన దగ్గరా జరిగింది. కొనేవాళ్లు, టాపు వేసేవాళ్లు కూడా చూసుకోవాలి. చేతిలో టార్చి, చిన్న అద్దం, చెప్పులు కుట్టే ఆర ఉంటే చాలు.

ముందు అద్దం చూడండి. అసలైన టూరర్ అద్దం రేకు మీద ఇత్తడి కాళ్లతో నిలబడి ఉంటుంది, బోల్టులు విప్పితే వచ్చేస్తుంది, చాలాసార్లు ముందుకు వాలుతుంది. సెలూన్ అద్దం స్తంభాలు బాడీ చెక్కలో భాగం, లావుగా ఉంటాయి. వాటిని కోసి సన్నబరచినా మొదలు దగ్గర దొరికిపోతారు. తరవాత తలుపు. టూరర్ తలుపు పలచన. తలుపు మందంగా ఉండి లోపల అద్దం దిగే ఖాళీ ఉండీ, అద్దం తిప్పే పిడి లేకపోతే అనుమానించండి.

టాపు చెక్క బద్దలు తిరగేసి చూడండి. గుడ్డను చెక్కకు చిన్న మేకులతో కొడతారు, మార్చిన ప్రతిసారీ కొత్త వరస గాట్లు పడతాయి. ఎనభై ఏళ్ల కారుకు ఆ వరసలు మూడు నాలుగు ఉండడం సహజం. ఒక్క వరసే ఉంటే ఆ బద్ద కొత్తది. కొత్తదైతే తప్పు కాదు, పాతదని చెబితే తప్పు. స్క్రూల తలలు చూడండి. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు 1930ల మధ్యలోగానీ కార్ల తయారీలోకి రాలేదు. 1926 బాడీ చెక్కకు ఆ స్క్రూలు ఉంటే ఎవరో తరవాత విప్పారన్నమాట. బాడీ కట్టినవారి బిళ్ల మామూలుగా తలుపు గడప మీద ఉంటుంది, కానీ బిళ్లను ఎవరైనా అతికించవచ్చు. దానికంటే నమ్మదగినవి చెక్క ముక్కల వెనక కొట్టిన బాడీ నంబర్లు. సీటు కింద, నేల పలకల అడుగున, తలుపు లోపలి చెక్క వెనక అదే నంబరు కనబడితే మంచిది. రోల్స్‌రాయిస్, బెంట్లీల ఛాసిస్ కార్డులు ఇంగ్లండ్‌లో భద్రంగా ఉన్నాయి, ఛాసిస్ నంబరు చెబితే మొదట ఎవరు కొన్నారో, ఎవరు ఏ రకం బాడీ కట్టారో తెలుస్తుంది.

పక్కల ఎస్ ఆకారంలో ఉండే లాండొ ఇనుములను చూసి మోసపోవద్దు. మధ్యలో కీలు, అరిగిన పిన్ను ఉంటే అవి నిజంగా టాపును మోసేవి. కీలు లేకపోతే అలంకారం, కింద గట్టి రేకు కప్పే, దానికి గుడ్డ అతికించి ఉంటుంది. కొత్తగా చేసినవి కావు, ఆ రోజుల్లోనే దర్జా కోసం అలా కట్టించుకునేవారు.

ఇంకొక మాట, కాగితాల గురించి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, మొదటి రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజనులో భారీ మార్పులు చేసిన బండి దాని కిందికి రాదు. సెలూన్ పైకప్పు కోయించుకునే ఆలోచన ఉన్నవాళ్లు ఇది చదివాక మళ్లీ ఆలోచించండి.

కత్తెర పెట్టేముందు

పాత టాపును పీకేయకండి. చిరిగినదైనా సరే, దాన్ని నిలబెట్టి, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, బద్దకూ బద్దకూ మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి. ఆ దూరాన్ని పట్టి ఉంచేవి లోపలి నవారు పట్టీలు. అవి సాగిపోయి ఉంటాయి, కొత్త గుడ్డకంటే ముందు వాటిని మార్చాలి. వాటి లెక్క తప్పితే ఎంత మంచి గుడ్డ వేసినా గతుకు మీద టాపు నాట్యం చేస్తుంది. తరవాత మేకులు ఒక్కొక్కటిగా తీసి, ముక్కల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఆ ముక్కలనే నమూనాగా వాడండి. పని అయ్యాక ఏ చిన్న వస్తువు మిగిలినా ఆగిపోండి. మిగిలిందంటే మీకు అర్థం కానిదేదో ఆ బండిలో ఉంది.

మంచి టాపు గుడ్డ మూడు పొరలు: పైన మోహేర్ అనే మేక ఉన్ని గుడ్డో నూలో, మధ్యలో రబ్బరు, లోపల నూలు. వాన ఆపేది ఆ మధ్య పొరే. అందుకే మరకలు పోవడానికి పెట్రోలు వాడకూడదు, రబ్బరు కరిగి పొరలు విడిపోతాయి. కుట్టుకు నూలు దారమే మంచిది. తడిస్తే నూలు ఉబ్బి సూది రంధ్రాన్ని పూడ్చేస్తుంది. నైలాన్ దారం తెగదు, కానీ రంధ్రాల గుండా చుక్క చుక్క కారుతుంది. మా మేనల్లుడు దీని మీద నాతో ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

గుడ్డను మొదట వెనకవైపు కొట్టాలి, తరవాత ముందువైపు, పక్కలు చివరికి. మేకులు సగమే దించి, టాపును మూడుసార్లు మడిచి తెరవండి. కత్తెర కీళ్ల మధ్య గుడ్డ ఎక్కడ నలుగుతుందో అప్పుడు తెలుస్తుంది. సరిచేశాకే మేకులు పూర్తిగా దించాలి. వేసిన తరవాత కొన్ని వారాలు టాపు మడవకుండా పైకి వేసే ఉంచండి. పాత మైకా కిటికీలు మార్చేటప్పుడు జాగ్రత్త, మైకా అని మనం పిలిచేది చాలాసార్లు అప్పటి సెల్యులాయిడే, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. దగ్గర బీడీ వెలిగించకండి. నేను రెండుసార్లు తిట్లు తిన్నాను.

ఇక మా ఊరి ఉప్పు గాలి. అల్యూమినియం రేకును ఉక్కు స్క్రూతో బిగించినచోట ఉప్పు తడి తగిలితే తెల్లని పొడి లేస్తుంది, కొన్నేళ్లకు రేకు తినేస్తుంది. బీచ్ రోడ్డు మీద తిప్పిన రోజున మంచినీళ్లతో కడిగి, కీళ్లకు పలచని నూనె పెట్టండి. తడి టాపును ఎట్టి పరిస్థితిలోనూ మడవకండి, రెండు రోజుల్లో బూజు పడుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపల ఆవిరి పట్టి ఉడికిపోతుంది, పాత నూలు దుప్పటి నయం. యాష్ కర్రకు చెదలంటే అలుసు. నెలకోసారి ఆరతో గడప చెక్కలు పొడిచి చూడండి, మెత్తగా దిగితే లోపల ఏమీ లేదన్నట్టే.

టాపు మడవకుండా పైకి వేసే ఉంచమని చెప్పే నేనే ఒక్క మినహాయింపు పెడతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఒక ఇంటి షెడ్డు రేకులు లేచిపోయాయి. లోపల టాపు వేసి ఉన్న కారును గాలి దొరకబుచ్చుకుని బద్దలన్నీ వెనక్కి విరిచేసింది. దాని పక్కనే టాపు మడిచి తాళ్లతో కట్టిన కారుకు నీళ్లు తప్ప ఏమీ కాలేదు. తుపాను హెచ్చరిక వస్తే, పొడిగా ఉండగానే మడిచి కట్టేయండి.

ఆ డబ్బా సంగతి. 2009లో ఆ 25/30 యజమాని ఇంటికి వచ్చిన అతిథి ఒకరు పక్క పట్టా మధ్యలో కీలు చూసి, ఇది ఎందుకు మడవడం లేదని అడిగారట. బాబుగారు నన్ను పిలిపించి అదే అడిగారు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. నేను కీలు చూశాను, మేకుల వరస చూశాను, నా పని నేనే గుర్తుపట్టాను. షాపుకు వెళ్లి అటక మీద వెతికితే బిస్కెట్ డబ్బా దొరికింది. పట్టీలు ఎండి అట్టలా అయ్యాయి, బొత్తాలు మాత్రం రుద్దితే మెరిశాయి. గుడ్డ ఖర్చు ఆయనది, కూలి నాది. పదకొండు రోజులు పట్టింది. పాత పట్టీలను నమూనాగా పెట్టి కొత్తవి కోసి, ఆ నాలుగు బొత్తాలనే వాడాను.

అయ్యాక బాబుగారే తోలుతూ నన్ను భీమిలి రోడ్డు మీద తిప్పారు. ముందు గుడ్డ చుట్టి పట్టీలు కట్టాం. నన్ను వెనక కూర్చోమన్నారు. రుషికొండ దాటగానే తుంపర మొదలైంది.

'ఆపండి బాబుగారూ, గుడ్డ ముందుకు లాగుతాను' అన్నాను.

'ఉండనివ్వండి మేస్త్రీ. ఇరవై రెండేళ్లకు ఇప్పుడు తడుస్తున్నాను' అన్నారు.

భీమిలి చేరేసరికి ఆయన చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. వెనక సీట్లో నా జేబులోని బీడీ కట్ట కూడా తడవలేదు.